స్టెల్లారిస్: 612 గంటలు ఆడాను, ఒక్కసారి కూడా చివరిదాకా వెళ్లలేదు

నత్త_నావ
స్టెల్లారిస్ తెలియనివాళ్లకి: అంతరిక్షంలో సామ్రాజ్యం కట్టుకునే కంప్యూటర్ గేమ్. దాన్ని కొని ఆడే స్టీమ్ యాప్‌లో 612 గంటలు చూపిస్తోంది. ఇప్పటికి పదహారో పదిహేడో సామ్రాజ్యాలు మొదలుపెట్టి ఉంటాను. ఒక్కదాన్నీ ఆట ముగిసే 2500వ సంవత్సరం దాకా తీసుకెళ్లలేదు. ప్రతిసారీ ఒకటే వరస. 2200లో మొదలవుతుంది. మొదటి యాభై అరవై ఏళ్లు అన్నం కూడా గుర్తుకు రాదు. సైన్స్ షిప్పు కొత్త నక్షత్రం దగ్గరికి వెళ్తుంటే అక్కడ ఏం బయటపడుతుందో అని ఒకటే ఆత్రం. 2300 వచ్చేసరికి చేతిలో ముప్పై గ్రహాలు. ఒకచోట ఇళ్లు చాలవు, ఇంకోచోట ఉద్యోగాలు లేవు, మరోచోట అల్లర్లు. నేను చక్రవర్తినా, మండలాఫీసులో గుమాస్తానా? 2350 దాటాక ల్యాప్‌టాప్ కూడా చేతులెత్తేస్తుంది. అప్పుడు ఆపేసి కొత్త సామ్రాజ్యం. మీలో ఎవరైనా నిజంగా చివరిదాకా ఆడారా? ఆడితే ఎందుకు ఆడారు?

హబ్సిగూడ_హైవ్
రెండుసార్లు ఆడాను. రెండోసారి కేవలం కసితో.

జీతం_రాలేదు
612 గంటలంటే రోజుకి ఎనిమిది గంటల చొప్పున 76 పనిదినాలు. మూడున్నర నెలల ఉద్యోగం. అనుభవ పత్రం అడిగి తీసుకో.

16జీబీ
ముందు ఒక్క మాట చెప్పు. గెలాక్సీలో ఎన్ని నక్షత్రాలు పెట్టావు? ల్యాప్‌టాప్ ఏంటి?

నత్త_నావ
1000. ఎటూ ఆడుతున్నాం కదా, పెద్దదే ఆడదామని. ల్యాప్‌టాప్ ఆరేళ్ల కిందటిది, 8 జీబీ ర్యామ్.

16జీబీ
దొరికింది దొంగ. మొదట ఉండే 600 కూడా నీ మిషన్‌కి ఎక్కువే. ఈ గేమ్‌లో నెమ్మదించేది బొమ్మలు కాదు, లెక్కలు. గ్రాఫిక్స్ కార్డు మార్చినా పెద్ద ఉపయోగం ఉండదు, ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ ఎంత వేగంగా నడుస్తుందన్నదే ముఖ్యం. ఇన్నాళ్లూ ప్రతి గ్రహం మీదా ప్రతి జనాభా యూనిట్‌కీ విడివిడిగా ఉద్యోగం వెతికి పెట్టేది గేమ్. వంద ఏళ్లలో ఆ యూనిట్లు వేలల్లోకి వెళ్తాయి. అన్ని సామ్రాజ్యాలకీ కలిపి నెలనెలా ఆ లెక్క కట్టాలంటే ఏ ల్యాప్‌టాప్ అయినా మూలుగుతుంది.

చేయాల్సింది ఇది. 400 నక్షత్రాలు చాలు. నివాసయోగ్య గ్రహాలు సగానికి తగ్గించు. కంప్యూటర్ ఆడే సామ్రాజ్యాలు ఎనిమిదికి మించొద్దు. జీనో కంపాటిబిలిటీ అని జాతుల్ని కలిపి సంకర జాతులు పుట్టించే అవకాశం ఉంటుంది, దాన్ని మొదట్లోనే ఆపేయి. అది నా సేవ్‌లు ఎన్ని తినేసిందో నాకే తెలుసు.

కాజీపేట_జంక్షన్
4.0 వెర్షన్‌లో అది మార్చారు కదా? 2025 మేలో వచ్చిన అప్‌డేట్‌లో జనాన్ని గుంపులుగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పాత లెక్కలో ఒకటి అంటే ఇప్పుడు వంద.

16జీబీ
మార్చారు. మంచి ఆలోచనే. కానీ వచ్చిన కొత్తలో అదో గందరగోళం. వరసగా ప్యాచ్‌లు వచ్చి సర్దుకునేదాకా నేను పాత వెర్షన్‌లోనే ఉండిపోయాను. ఇప్పుడు నయం.

డాలస్_దొర
ఇది మిషన్ సమస్య కాదు. నా దగ్గర ఖరీదైన డెస్క్‌టాప్ ఉంది, నేనూ పూర్తి చేయను. 2320కల్లా గెలిచేశామని తెలిసిపోతుంది. నా ఒక్కడి నౌకాదళం పక్క మూడు రాజ్యాల దళాలకు సమానం. ఆ తర్వాత 180 ఏళ్లు ఏం చేయాలి? పెళ్లి అయిపోయాక పందిరి కింద కూర్చున్నట్టు ఉంటుంది.

హబ్సిగూడ_హైవ్
ఏ కష్టస్థాయిలో ఆడుతున్నారేంటి? గ్రాండ్ అడ్మిరల్‌లో పెట్టి చూడండి, 2320లో పందిరి కింద కూర్చోవడం కాదు, పందిరే ఉండదు.

డాలస్_దొర
గ్రాండ్ అడ్మిరల్ అంటే కంప్యూటర్‌కి తెలివి పెరగదు తమ్ముడూ, వనరులు అప్పనంగా ఇస్తారు, అంతే. ఎదుటివాడికి రెండు రాణులిచ్చి చదరంగం ఆడించినట్టు.

పాత_పాపి
మీ అందరికంటే వయసులో పెద్దవాణ్ణి కాబట్టి కాస్త పాత కథ చెబుతాను, విసుక్కోకండి. ఈ రకం ఆటలకు ఫోర్ ఎక్స్ అన్న పేరు వచ్చిందే 1993లో, మాస్టర్ ఆఫ్ ఓరియన్ గురించి రాసిన ఒక పత్రికా వ్యాసంలో. వెతుకు, విస్తరించు, వాడుకో, తుడిచిపెట్టు. ఇంగ్లిష్‌లో ఆ నాలుగు మాటల్లోనూ ఎక్స్ శబ్దం ఉంటుంది, అందుకు ఆ పేరు. దాని రెండో భాగం 1996లో వచ్చింది. మేం ఇంజనీరింగ్‌లో ఉండగా హాస్టల్లో ఒకే ఒక్క కంప్యూటర్, దాని ముందు ఆరుగురం. ఒకడు మౌస్ పట్టుకుంటే ఐదుగురు సలహాలు.

ఇప్పుడు నత్త_నావ అడిగినదానికి వస్తాను. ఆ ఆట మేం ఎప్పుడూ పూర్తి చేసేవాళ్లం. మాకేదో ఓపిక ఎక్కువని కాదు. ఆ ఆటకి ఎక్కడ ఆగాలో తెలుసు. గెలాక్సీ సభ కొలువు తీరేది, పెద్ద రాజ్యాలు రెండు పోటీ పడేవి, ఎవరికి మూడింట రెండొంతుల ఓట్లు పడితే వాడు చక్రవర్తి. అక్కడితో ఆట అయిపోయింది. సగం గెలాక్సీ నీదైతే మిగతా సగాన్ని ఒక్కో గ్రహం చొప్పున తుడిచే పని లేదు, రెండు చిన్న రాజ్యాల్ని మంచి చేసుకుంటే చాలు. స్టెల్లారిస్‌లోనూ 2020 నుంచి గెలాక్టిక్ కమ్యూనిటీ అని సభ ఉంది, తీర్మానాలున్నాయి, ఓట్లున్నాయి. ఆట ముగించే ఓటు మాత్రం లేదు. 2500 దాకా కూర్చుంటే స్కోరు చూసి గెలిచావంటుంది. అది గెలుపేనా? రిటైర్‌మెంట్.

జీతం_రాలేదు
రిటైర్‌మెంటా! పింఛను వస్తుందంటే నేనూ 2500 దాకా ఆడతాను.

చుక్కలపిల్ల
పాత_పాపి గారూ, ఓట్లతో గెలుపు బాగుందంటున్నారు గానీ, స్టెల్లారిస్‌ని గెలవడం కోసం ఆడేవాళ్లు తప్పు ఆట కొనుక్కున్నారని నా ఉద్దేశం. నేను దీన్ని కథ కోసం ఆడతాను. ఒకసారి యుద్ధం అంటేనే పడని పుట్టగొడుగుల రాజ్యం తీసుకున్నా. నియమం ఒకటే: నేనుగా యుద్ధం మొదలుపెట్టను. 2240లో దక్షిణం వైపు పచ్చగా ఒక గ్రహం కనిపించింది. గయా ప్రపంచం, ఎవరికైనా నూటికి నూరు పాళ్లు సరిపోతుంది. చుట్టుపక్కల ఒక్క పురుగు లేదు. ఇంత మంచి గ్రహాన్ని ఎవరూ ఎందుకు ముట్టుకోలేదో ఒక్క క్షణం ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. కాలనీ నౌక పంపా. అది పక్కనే ఉన్న పడిపోయిన సామ్రాజ్యం (ఒకప్పుడు గెలాక్సీని ఏలి, ఇప్పుడు మగతలో ఉన్న పాత మహాశక్తి) వాళ్ల పవిత్ర గ్రహమట. వాళ్లకి భక్తి ఎక్కువ. దిగిన వెంటనే ఖాళీ చెయ్యమని హుకుం వచ్చింది. నేను పౌరుషానికి పోయి కుదరదన్నా.

ఆ తర్వాత వచ్చిన నౌకల్ని చూస్తే నా దళం తెప్పలు కట్టుకుని సముద్రంలోకి వెళ్లినట్టుంది. మూడేళ్లలో రాజధాని తప్ప ఏమీ మిగల్లేదు. ఆ ఆట ఇప్పటికీ నాకు గుర్తుంది. గెలిచినవి ఒక్కటీ గుర్తులేవు.

కాజీపేట_జంక్షన్
దేవాదాయ భూమిలో ఇల్లు కట్టారన్నమాట. నోటీసు ఇచ్చారు కదా, ఇంకేం కావాలి.

చుక్కలపిల్ల
బుల్‌డోజర్ కూడా వాళ్లే పంపారు 😭

బొద్దింక_రాజ్యం
నా పేరు చూసి చాలామంది అడుగుతారు, ఇప్పుడు చెప్పేస్తా. వేరే జాతితో ఆడుతుంటే ఒకసారి నా సరిహద్దులో సౌర వ్యవస్థ తగిలింది. మన సూర్యుడే. ఆత్రంగా భూమి మీద క్లిక్ చేశాను. అణుయుద్ధంలో మాడిపోయిన గ్రహం, దాని మీద తెలివి తెచ్చుకున్న బొద్దింకలు! కొన్నిసార్లు మనుషులు ఇంకా పాతకాలంలోనే ఉన్న భూమి వస్తుంది, నాకు మాత్రం ఇది వచ్చింది. వాటికి చదువు చెప్పి, అంతరిక్షంలోకి తెచ్చి, నా సమాఖ్యలో సభ్యత్వం ఇప్పించా. మిగతా యాభై ఏళ్లూ వాళ్లకి ఏమీ కాకుండా చూసుకోవడమే నా పని. పూర్తి చేశానా అంటే, లేదు. పూర్తి చేయాలనిపించలేదు.

డాలస్_దొర
మీ ఇద్దరిదీ వేరే ఆట. కథ కావాలంటే పుస్తకం చదవొచ్చుగా? వ్యూహం అని పేరు పెట్టినప్పుడు వ్యూహం ఉండాలి.

చుక్కలపిల్ల
కథ కావాలంటే పుస్తకం, వ్యూహం కావాలంటే చదరంగం. మరి ఇక్కడికి ఎందుకొచ్చారండీ మీరు?

కాజీపేట_జంక్షన్
😂😂 దొర గారూ, దీనికి జవాబు చెప్పి కదలండి.

డాలస్_దొర
సరే, జవాబు. నేను వచ్చింది 2016లో, గేమ్ విడుదలైన వారంలోనే. అప్పుడు వ్యూహం ఉండేది. నక్షత్రాల మధ్య ప్రయాణానికి మూడు పద్ధతులు, మొదట్లోనే ఒకటి ఎంచుకోవాలి. వార్ప్ తీసుకుంటే ఎటైనా నేరుగా దూకొచ్చు. వర్మ్‌హోల్ అయితే స్టేషన్లు కట్టాలి. మూడోది హైపర్‌లేన్, నక్షత్రాల మధ్య ముందే గీసి ఉన్న దారుల్లోనే పోవాలి. ఎదుటివాడు ఏ పద్ధతిలో వస్తాడో బట్టి నీ రక్షణ మారాలి. 2018 ఫిబ్రవరిలో 2.0 వచ్చింది, రెండు పీకేసి అందరినీ హైపర్‌లేన్ల మీదే నడవమన్నారు. నేను డబ్బిచ్చి కొన్న ఆటలో సగం తర్వాత మాయమైపోయింది.

కాజీపేట_జంక్షన్
ఇక్కడ మాత్రం ఒప్పుకోను. మూడు పద్ధతులు ఉన్నప్పుడు సరిహద్దు అన్నమాటకే అర్థం లేదు. నేను కోటలు కట్టుకుని కూర్చుంటే వార్ప్ వాడు వెనక నుంచి ఇంట్లోకి దూకేవాడు. అందరూ ఉన్న నౌకలన్నీ ఒక్క గుంపు చేసి అటూ ఇటూ పరిగెత్తించడమే యుద్ధం. అందరికీ హైపర్‌లేన్లే అయ్యాక గెలాక్సీకి ఒక భౌగోళిక స్వరూపం వచ్చింది. మా ఊరు చూడండి, పట్టుకోవాల్సింది ఒక్క జంక్షన్. ఢిల్లీ బండి అయినా, బెజవాడ బండి అయినా, సికింద్రాబాద్ బండి అయినా మా మీదుగా పోవాల్సిందే. అలాంటి నక్షత్రం ఒకటి దొరికితే స్టార్‌బేస్ కట్టి తుపాకులన్నీ అక్కడే బిగిస్తా. నాకు ఆటలో అసలు మజా అదే.

హబ్సిగూడ_హైవ్
అందుకా నీ పేరు. నేను రైల్వే ఉద్యోగివేమో అనుకున్నా.

కాజీపేట_జంక్షన్
మా నాన్న. నేను ఖాళీ.

16జీబీ
డాలస్_దొర, మీకు పాత ఆటే కావాలంటే స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి బీటాస్ అన్నచోట పాత వెర్షన్ ఎంచుకోవచ్చు. 2.0కి ముందువి కూడా ఉన్నాయి. వార్ప్ ఉంటుంది, గ్రహం మీద గళ్లు కూడా ఉంటాయి.

డాలస్_దొర
ఈ సంగతి నాకు తెలియదు. థాంక్స్. గళ్లు! గ్రహానికి పాతిక గళ్లకు మించేవి కావు, ఒక్కో గడిలో ఒక్కో మనిషి, ఒక్కో భవనం. చూడగానే అర్థమయ్యేది. 2018 డిసెంబర్‌లో 2.2తో అవి తీసేసి డిస్ట్రిక్టులు, ఉద్యోగాలు, వినియోగ వస్తువులు తెచ్చిపెట్టారు. నత్త_నావ గుమాస్తా అయ్యింది అప్పటినుంచే.

నత్త_నావ
నేను 2021లో మొదలుపెట్టా, గళ్లు చూడనేలేదు. పుట్టుకతోనే గుమాస్తాని.

పాత_పాపి
పదేళ్లలో ఒకే పేరుతో మూడు నాలుగు వేర్వేరు ఆటలు ఆడించారు వీళ్లు. ఇల్లు పడగొట్టకుండా, అందులో మనం ఉండగానే గోడలు మార్చేశారు. ఒక రకంగా గొప్పే. 2021 నుంచి పాత భాగాల్ని సరిచేయడానికే ఒక బృందాన్ని పెట్టుకున్నారు, ఆ మార్పులు డబ్బు కట్టనివాళ్లకూ అందుతాయి. కానీ ఆర్నెల్లు ఆడకుండా తిరిగి వస్తే మాత్రం నా ఇంట్లో నాకే దారి తెలియదు.

జీతం_రాలేదు
డబ్బు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఇన్ని డీఎల్‌సీలు (గేమ్‌కి విడిగా అమ్మే అదనపు భాగాలు) ఎవరు కొంటారు? బండి కొంటే చక్రాలు విడిగా, హారన్ విడిగా అమ్మినట్టుంది.

హబ్సిగూడ_హైవ్
అన్నీ కొనక్కర్లేదు. నెలవారీ చందా కూడా ఉంది, ఒక నెల తీసుకుని అన్నీ రుచి చూసి వదిలేయొచ్చు. స్నేహితులతో ఆడితే ఇంకా నయం, ఆటని తన కంప్యూటర్ నుంచి నడిపే హోస్ట్ దగ్గర ఉన్న డీఎల్‌సీలు ఆ ఆటలో అందరికీ వస్తాయి. మా గ్యాంగ్‌లో కొన్నది ఒక్కడే, వాడినే ఎప్పుడూ హోస్ట్ చేస్తాం. పాపం వాడికి మా ఊరు వచ్చినప్పుడల్లా బిర్యానీ ఇప్పిస్తున్నాం.

జీతం_రాలేదు
ఆ మహానుభావుడు ఇంకో మిత్రుణ్ణి చేర్చుకుంటాడా?

నత్త_నావ
చర్చ ఎటో పోతోంది. గుమాస్తా పని తగ్గించే మార్గం చెప్పండి. గ్రహాలకి ఆటోమేషన్ పెట్టి చూశా, అది కట్టే భవనాలు చూస్తే ఏడుపొస్తుంది.

హబ్సిగూడ_హైవ్
హైవ్ మైండ్ తీసుకో. జనమంతా ఒకే మెదడు. వినియోగ వస్తువులు అక్కర్లేదు, పార్టీలు లేవు, ఎన్నికలు లేవు, ఎవరూ అలగరు. గుమాస్తా పని సగానికి సగం తగ్గుతుంది. నేను పూర్తి చేసిన రెండూ అవే.

చుక్కలపిల్ల
దౌత్యం కూడా సగం పోతుంది. ఎవరూ అలగని రాజ్యంలో కథ ఏముంటుంది.

కాజీపేట_జంక్షన్
నేను చేసేది సామంతులు. పది గ్రహాలు నీ దగ్గర ఉంచుకో. దూరంగా ఉన్న సెక్టార్లని విడగొట్టి సామంత రాజ్యాలు చెయ్యి. వాళ్ల గ్రహాల బాధ వాళ్లది, నీకు నెలనెలా కప్పం. కాకతీయులు నాయంకరులకి ఊళ్లు పంచినట్టు.

పాత_పాపి
ఓరుగల్లు పడిపోయాక ఆ నాయకులు ఎవరికి వారు రాజులైపోయారు, అది కూడా చెప్పు.

కాజీపేట_జంక్షన్
ఆటలోనూ అంతే గురువుగారూ. విధేయత పడిపోతే అందరూ కూడబలుక్కుని స్వాతంత్ర్యం అంటారు. అయినా గుమాస్తా పనికంటే తిరుగుబాటే నయం, కనీసం యుద్ధమైనా ఉంటుంది.

బొద్దింక_రాజ్యం
యుద్ధం అంటే గుర్తొచ్చింది. ఈ వార్ ఎగ్జాస్చన్, అదే యుద్ధ అలసట మీటర్, ఎవరికైనా న్యాయంగా అనిపిస్తుందా? మొన్న ఆరు వ్యవస్థలు పట్టుకున్నా, శత్రువు రాజధాని చుట్టూ నా నౌకలే. నా అలసట నూరు శాతం అయిందని బలవంతంగా సంధి. ఆరింట్లో నాకు దక్కింది ఒక్కటి. గెలుస్తున్నవాడికి అలసట ఏంటి?

16జీబీ
మిగతా ఐదింటి మీద క్లెయిమ్ (ఇది నాదేనన్న హక్కు) వేశావా, యుద్ధానికి ముందు?

బొద్దింక_రాజ్యం
... ఒక్కదానిమీదే వేశా. దానికి ఖర్చయ్యే ఇన్‌ఫ్లుయెన్స్ పాయింట్లు చాలలేదు.

16జీబీ
అందుకే. ఉన్నది ఉన్నట్టుగా సంధి అయితే క్లెయిమ్ వేసి, అందులోని గ్రహాలతో సహా పూర్తిగా ఆక్రమించుకున్నవే దక్కుతాయి. మీటర్ నూరు అయిన వెంటనే కూడా కాదు, రెండేళ్లు టైమ్ ఇస్తారు. ఆ లోపు ముగించుకోవాలి.

కాజీపేట_జంక్షన్
భూమి మీద హక్కు కావాలంటే ఇన్‌ఫ్లుయెన్స్ ఉండాలి. ఈ గేమ్ చేసినవాళ్లు స్వీడన్‌లో కూర్చుని మా తహసీల్దారు ఆఫీసు గురించి ఇంత కరెక్టుగా ఎలా తెలుసుకున్నారో.

జీతం_రాలేదు
😂 ఈ థ్రెడ్‌లో ఇదే బెస్ట్.

హబ్సిగూడ_హైవ్
పల్నాడులో కోడిపందెంతో యుద్ధం మొదలైంది, వాళ్లేమన్నా క్లెయిములు వేశారా?

డాలస్_దొర
నత్త_నావ, నా చివరి సలహా, దీంతో కథ పార్టీకీ నాకూ రాజీ కుదురుతుందేమో. ఆట మొదలుపెట్టేటప్పుడు మిడ్‌గేమ్ 2300 అని, పెద్ద ఆపద వచ్చే ఎండ్‌గేమ్ 2400 అని ఉంటాయి. అవి ముందుకి జరుపు. 2250, 2325 పెట్టు. నీ ఆసక్తి చచ్చిపోయే సమయానికే ఆపద వస్తుంది. గెలాక్సీ బయట నుంచి ప్రెథోరిన్ గుంపు రావచ్చు, వేరే లోకం నుంచి అన్‌బిడెన్ రావచ్చు, లేదా కాంటింజెన్సీ యంత్రాలు నిద్ర లేవొచ్చు. దాన్ని ఓడించడమే ముగింపు అనుకో. స్కోరు గొడవ వదిలేయి.

పాత_పాపి
ఇది బాగుంది. సభ ఓటు లేకపోయినా కనీసం సంక్రాంతికి ముందు భోగి మంట లాంటిదొకటి ఉంటుంది.

చుక్కలపిల్ల
ఒప్పుకున్నా. దొర గారు కూడా కథే కోరుకుంటున్నారు, పైకి చెప్పరు.

నత్త_నావ
400 నక్షత్రాలు, ఏడు రాజ్యాలు, 2250, 2325. మొదలుపెట్టా. నౌకలకి పచ్చళ్ల పేర్లు పెట్టా ఈసారి: కార్వెట్లు గోంగూర, క్రూయిజర్లు మాగాయ, బ్యాటిల్‌షిప్పులు ఆవకాయ. శనివారం రాత్రికి చెబుతా.

జీతం_రాలేదు
ఆవకాయ కదా, పాతబడితే ఇంకా బాగుంటుంది. అప్‌గ్రేడ్ చేయకు.

నత్త_నావ
శనివారం అనుకున్నది సోమవారం అయింది. మధ్యలో కరెంటు పోయి, ఐరన్‌మ్యాన్ (మనకి నచ్చినచోట సేవ్ చేసుకోనివ్వని పద్ధతి) కాబట్టి చివరి ఆటోసేవ్ నుంచి ఎత్తుకోవాల్సి వచ్చింది. 2341లో ఉన్నా. నా జీవితంలో మొదటిసారి ఎండ్‌గేమ్ చూస్తున్నా! ల్యాప్‌టాప్ వేడెక్కుతోంది గానీ నడుస్తోంది. నాలుగు సెక్టార్లు సామంతులకి ఇచ్చేశా, ఇద్దరు అలిగి ఉన్నారు. ఏదో ఆకలిగా ఉన్నది గెలాక్సీ బయట నుంచి వస్తోందని చాలాకాలంగా సంకేతాలు వస్తున్నాయి.

హబ్సిగూడ_హైవ్
ప్రెథోరిన్. గెలాక్సీ అంచున ఎవరున్నారో చూడు, ముందు వాళ్ల పని అయిపోతుంది. గ్రహాల్ని మింగి అక్కడే కొత్త నౌకలు పుట్టిస్తాయి. లేట్ చేస్తే చేయి దాటిపోతుంది.

నత్త_నావ
ఇంకో సంగతి. చుక్కలపిల్ల గారి భక్తులు ఉన్నారే, పడిపోయిన సామ్రాజ్యం వాళ్లు, ఇందాకే నిద్ర లేచారు. వాళ్లూ బయల్దేరారు.

చుక్కలపిల్ల
ఆపద వస్తే ఒక్కోసారి గెలాక్సీని కాపాడటానికి లేస్తారు, మంచిదే. వాళ్ల గ్రహం మాత్రం ముట్టుకోలేదు కదా?

నత్త_నావ
లేదండీ, ఆ గ్రహం చుట్టూ ప్రదక్షిణం కూడా చేయలేదు.

కాజీపేట_జంక్షన్
గుంపు ఎటు నుంచి వస్తోంది, భక్తులు ఎటు నుంచి వస్తున్నారు? మధ్యలో జంక్షన్ ఏది?

నత్త_నావ
గుంపు పడమర నుంచి. భక్తులు తూర్పు నుంచి. మధ్యలో నా రాజధాని.

కాజీపేట_జంక్షన్
ఆవకాయలన్నీ తీయి.